మా తమ్ముడి నాణేల వేట

అమెరికా వెళ్ళి పార్కులో నాణేలు తవ్వి వచ్చానని చెప్పగానే మా స్టాఫ్ రూములో ఒక్కసారి నిశ్శబ్దం ఆవరించింది. లెక్కల మేష్టారు కుర్చీ దగ్గరగా జరుపుకుని, "గుప్తనిధా అండీ? ఎన్ని బిందెలు?" అని రహస్యంగా అడిగారు. చరిత్ర మేష్టారు, "అంజనం ఎవరు వేశారు?" అన్నారు.

బిందెలూ లేవు, అంజనమూ లేదు. నేను తవ్వి తీసినవన్నీ కలిపి లెక్కగట్టినా పెద్ద విలువేమీ చెయ్యవు. కాని ఆ తవ్వకంలో మరొకటి కూడా బయటపడింది. దాని విలువ కట్టడం నాకింకా చేతకాలేదు. ఆ ముచ్చట చెప్పుకుందామనే యీ నాలుగు మాటలూ.

మా తమ్ముడు ఒహాయో రాష్ట్రంలో డేటన్ పట్టణానికి దగ్గరలో వుంటాడు. విమానం కనిపెట్టిన రైట్ సోదరుల ఊరది. పన్నెండేళ్ళుగా రమ్మని పోరుతున్నాడు. 2024 వేసవి సెలవుల్లో, అమ్మ కట్టి యిచ్చిన కందిపొడీ, సున్నుండలూ పెట్టెలో పెట్టుకుని, మా ఆవిడతో కలిసి బయలుదేరాను.

వెళ్ళిన మూడోనాడు ఆదివారం. తెల్లవారుజామునే వంటింట్లో అలికిడి అయితే లేచి చూశాను. మా తమ్ముడు మోకాళ్ళకు తొడుగులు కట్టుకుని, నడుముకు ఒక సంచీ వేలాడదీసుకుని, చేతిలో పొడుగాటి కర్ర లాంటిది పట్టుకుని నుంచున్నాడు. కర్ర చివర పళ్ళెమంత గుండ్రటి బిళ్ళ వుంది. మెడలో చెవులకు తగిలించుకునే ఫోన్లు.

మా మరదలు కాఫీ గ్లాసు నా చేతికిస్తూ, "బావగారూ, మీరైనా చెప్పండి. వారమంతా ఊళ్ళోవాళ్ళ కరెంటు వైర్లు బాగుచేస్తారు. ఆదివారం వస్తే పార్కులో చెత్త ఏరుతారు. మొన్న పక్కింటావిడ, 'మీ ఆయన మునిసిపాలిటీలో పనిచేస్తారా?' అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది" అన్నది.

పెద్దవాణ్ణి, పైగా లెక్చరర్ని. హితోపదేశం నా వృత్తిలో భాగం. దారిలో రెండు మంచిమాటలు చెబుదామనే ఉద్దేశంతో చెప్పులు తొడుక్కుని వాడి కారెక్కాను.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నేను ఎం.ఏ. తెలుగులో చేరిన యేడే వాడు ఇంటర్మీడియెట్ రెండోసారి తప్పాడు. మా నాన్న గుమాస్తా. వాణ్ణి ఐ.టి.ఐ.లో ఎలక్ట్రికల్ పని నేర్చుకోవడానికి పంపాలని, వున్న అర ఎకరమూ తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డారు. నేను వసారాలో నుంచుని, "వాడి మీద పెట్టే డబ్బు బూడిదలో పోసిన పన్నీరు, నాన్నా" అన్నాను. నాన్న జవాబు చెప్పలేదు. మర్నాడు వెళ్ళి కాగితాల మీద సంతకం చేసి వచ్చారు.

వాడు పని నేర్చుకున్నాడు. పెళ్ళయింది. ఉద్యోగం వచ్చిన భార్య వెంట అమెరికా వెళ్ళాడు. మొదట్లో కొన్నేళ్ళు అక్కడ వాడికి పని చెయ్యడానికి అనుమతి లేక, వంట చేస్తూ, పిల్లను పెంచుతూ గడిపాడు. మన బంధువుల హాస్యాలకు వాడు మంచి సరుకయ్యాడు. దరిమిలా అక్కడి పరీక్షలు ప్యాసై లైసెన్సు తెచ్చుకుని, ఎలక్ట్రీషియనుగా స్థిరపడ్డాడు. ఆనాడు వసారాలో నేనన్న మాట వాడి చెవిన పడిందో లేదో నాకు తెలియదు. పాతికేళ్ళుగా నేను అడగలేదు. వాడూ చెప్పలేదు.

సరే, పార్కు చేరాం. పాత పార్కు. ఓక్ చెట్లూ, మధ్యలో పెంకులు కప్పిన వంటల పందిరీ, దాని చుట్టూ పచ్చిక. యిక్కడ వెతకడానికి పార్కుల ఆఫీసుకు వెళ్ళి ముందే అనుమతి పుచ్చుకున్నానని వాడు చెప్పాడు. ఆ దేశంలో ఊరికొక పద్ధతి. కొన్ని పార్కుల్లో సరేనంటారు, కొన్నిటిలో ససేమిరా అంటారు. జాతీయ పార్కుల్లో అయితే యీ యంత్రం వాడడమే నేరం. ఎవరి పెరట్లోనైనా వెతకాలంటే యింటివారిని అడగవలసిందే.

"ఇది ఎన్ని అడుగుల లోతుకు చూస్తుందిరా?" అన్నాను. యంత్రం గొప్పతనమంతా లోతులో వుంటుందని నా అభిప్రాయం.

"అందరూ ముందు అడిగేది అదే, అన్నయ్యా. నేనూ అదే అడిగి మోసపోయాను. నాణెం జానెడు లోతున వినిపిస్తే గొప్పే. యిలాంటి చెత్త నేలలో లోతు కాదు చూడవలసింది. పక్కపక్కన పడివున్న రెండు వస్తువుల్ని విడదీసి చెప్పగలదా, లేదా? అది చూసి కొనాలి."

వాడి మొదటి యంత్రం ఎవరో యింట్లో పాత సామాను అమ్ముతుంటే ముప్పై డాలర్లకు కొన్నదట. మేకుకూ, నాణేనికీ, సిగరెట్టు పెట్టెలో రేకు కాగితానికీ ఒకే గొంతుతో కుయ్యిమనేది. ఆ తరువాత డబ్బు కూడబెట్టి యిప్పటిది కొన్నాడు. దాన్ని ఎంచుకోవడానికి కారణాలు ఒక్కొక్కటే చెప్పాడు.

మొదటిది కింద బిళ్ళ. దాన్ని కాయిల్ అంటారు. యంత్రంతో పాటు వచ్చేది సాధారణంగా 11 అంగుళాలో, ఆ ప్రాంతమో వుంటుంది. మా వాడు దాన్ని విప్పేసి 6 అంగుళాలది బిగించుకున్నాడు. పెద్ద బిళ్ళ కింద ఒకేసారి నాలుగు మేకులూ, రెండు సీసా మూతలూ, ఒక నాణెమూ పడతాయి. క్లాసులో నలభైమంది ఒక్కసారి జవాబు చెప్పినట్టుంటుంది. చిన్న బిళ్ళ అంత లోతు పోదు గాని ఒక్కొక్కరినే లేపి అడుగుతుంది.

రెండోది తేరుకునే వేగం. ఒక మేకును విని, అది మేకే అని తేల్చుకుని, మళ్ళీ చెవి ఒగ్గడానికి యంత్రానికి క్షణంలో కొంత భాగం పడుతుంది. ఆ లోపల బిళ్ళ నాణెం మీదుగా దాటిపోతే నాణెం పోయినట్టే. అందుకని తొందరగా తేరుకునే యంత్రం కొనాలి. కొన్నాక తొందరపడకుండా ఊపాలి. ఒకే చోటును తూర్పు పడమరగా ఒకసారి, ఉత్తర దక్షిణాలుగా ఒకసారి చూడాలి. ఒక వైపు నుంచి మేకు చాటున దాగిన నాణెం రెండో వైపు నుంచి పలుకుతుంది.

మూడోది గొంతులు. యినుముకు బొంగురు గొంతు, నడిమి లోహాలకు నడిమి గొంతు, వెండికీ రాగికీ సన్నని గొంతు. నాలుగోది బరువు. మూడు గంటలు ఊపేసరికి భుజం తెలుస్తుంది. యిక చెవి ఫోన్లు లేకుండా యీ పని వద్దన్నాడు. మంచి నాణెం చాలాసార్లు గుసగుసగానే చెబుతుందట.

"ఇంతకీ దానికెలా తెలుస్తుందిరా?" అన్నాను.

వాడు మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డిపరకతో మట్టి మీద బొమ్మ గీసి చెప్పాడు. బిళ్ళలోని తీగచుట్ట సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మార్చే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. అది తగిలిన లోహంలో చిన్న చిన్న విద్యుత్ సుడులు పుడతాయి. ఆ సుడులు తిరిగి తమ క్షేత్రాన్ని పైకి పంపుతాయి. రెండో తీగచుట్ట దాన్ని వింటుంది. లోహాన్ని బట్టీ, దాని సైజును బట్టీ ఆ జవాబు కొద్దిగా ముందువెనకలవుతుంది. ఆ ఆలస్యాన్ని కొలిచి యంత్రం ఒక అంకె చూపిస్తుంది. అయిదేళ్ళు ఫిజిక్సు మేష్టరు పక్క యింట్లో అద్దెకున్న నాకు యీ సంగతి యింత సులువుగా అంతకు ముందెన్నడూ బోధపడలేదు. ఇంటర్మీడియెట్ తప్పినవాడు చెబుతుంటే బోధపడింది.

యంత్రం నా చేతికిచ్చాడు. ఊపానో లేదో కుయ్యిమన్నది. అంకె 55. తవ్వాను. వాడు నేర్పినట్టు పచ్చికను మూడు పక్కలా కోసి, మూతలా వెనక్కి మడిచి, మట్టిలో వెతికితే దొరికింది అల్యూమినియం రింగు. కూల్‌డ్రింకు డబ్బా తెరవడానికి లాగే రింగు, దానికి నాలుక లాంటి రేకు. మట్టి పూడ్చి, పచ్చిక సర్ది, కాలితో అదిమాను. రెండడుగులు వేస్తే మళ్ళీ కుయ్యి. మళ్ళీ రింగు. గంటలో 14 రింగులు, 3 సీసా మూతలు, ఒక మేకు. నాణేలు సున్న.

"ఈ చెత్తకు పుట్టిల్లు కూడా యీ ఊరే, అన్నయ్యా" అని నవ్వాడు. నిజమేనట. డేటన్‌లో ఎర్మల్ ఫ్రేజ్ అనే యింజనీరు 1959లో వనభోజనానికి వెళ్ళి, డబ్బా తెరిచే పరికరం మరిచిపోయి, కారు బంపరుకు కొట్టి డబ్బాలు తెరవవలసి వచ్చింది. ఆ అవస్థలోంచి పుట్టినదే యీ లాగుడు రింగు. 1963లో దానికి పేటెంటు వచ్చింది. జనం లాగడం, పారెయ్యడం. డబ్బాను విడిచిపోని రింగులు 1975 ప్రాంతంలో వచ్చేదాకా అమెరికా పచ్చికలన్నీ యీ విత్తనాలు చల్లిన మళ్ళే.

"మరి యీ బాధ లేకుండా ఏదో బొత్తాం వుంటుందటగా?" అన్నాను.

వుంది. దాన్ని డిస్క్రిమినేషన్ అంటారు. ఏ అంకె నుంచి ఏ అంకె దాకా వినిపించవద్దో చెబితే యంత్రం అక్కడ నోరు మూసుకుంటుంది. మా వాడు దాన్ని పెద్దగా వాడడు. నేను మాత్రం సంతోషంగా 75 దాకా అన్నిటి నోళ్ళూ నొక్కేశాను. ఎంత హాయి! పార్కంతా ఒక్కసారి సద్దుమణిగింది. పరీక్ష హాలులో నడిచినట్టు దర్జాగా నడిచాను. అరగంటకు సన్నగా మోగింది. రెండు సెంటు నాణేలూ, వాటి తరువాత పది సెంట్ల నాణెం ఒకటీ దొరికాయి. పది సెంట్లది 1962 నాటిది. 1964 దాకా పది సెంట్లు, పాతిక సెంట్ల నాణేల్లో 90 శాతం వెండి వుండేది. యాభై యేళ్ళ పైన మట్టిలో వున్నా తళతళమంటున్నది. నా విజయానికి నేనే మురిసిపోయాను.

వెనక్కి తిరిగి చూద్దును గదా, నేను ఊపుకుంటూ వచ్చిన దారిలోనే మా తమ్ముడు పాత ముప్పై డాలర్ల యంత్రంతో మోకాళ్ళ మీద కూర్చుని తవ్వుతున్నాడు. రింగు తీసి నడుము సంచీలో వేసుకుంటాడు. మళ్ళీ తవ్వుతాడు. మళ్ళీ రింగు.

"పిచ్చివాడా! ఆ రింగుల నోరు నొక్కెయ్యరాదుట్రా?" అన్నాను.

వాడు చెయ్యి చాపి అరచెయ్యి తెరిచాడు. అందులో అయిదు సెంట్ల నాణెం వుంది. "ఇది నీ కాళ్ళ కిందే వుంది, అన్నయ్యా" అన్నాడు.

ఆ నాణేన్ని నికెల్ అంటారు. దానిలో మూడు పాళ్ళు రాగి, ఒక పాలు నికెల్. ఆ మిశ్రమం విద్యుత్తును అంత బాగా ప్రవహించనియ్యదు. అందుచేత యంత్రం దాన్ని 50 చిల్లర దగ్గర చూపిస్తుంది. రింగులూ అక్కడే. తమాషా ఏమిటంటే ఆడవాళ్ళ బంగారపు ఉంగరాలు చాలామటుకు పడేదీ అక్కడే. ఏ యంత్రమూ, ఎన్ని వందల డాలర్లు పోసి కొన్నదైనా, లోహం పేరు చెప్పదు. అంకె మాత్రమే చెబుతుంది. రింగును వినవద్దనుకున్నవాడు బంగారాన్నీ వినడు. తవ్వి చూడడం ఒక్కటే దారి.

చెట్టు కింద కూర్చుని పులిహోర తింటూ వాడొక కథ చెప్పాడు. జేమ్స్ గార్‌ఫీల్డ్ అని ఒహాయోలో పుట్టినవాడే ఒక ప్రెసిడెంటు. 1881 జూలై 2న ఆయన్ను తుపాకితో కాల్చారు. గుండు ఒంట్లో ఎక్కడుందో తెలియలేదు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ యిలాంటి యంత్రమే ఒకటి తయారుచేసి తెచ్చాడు. అది ఎక్కడ పెట్టినా మోగింది. పరుపులో ఉక్కు స్ప్రింగులున్నాయని తరువాత తెలిసింది. పైగా పెద్ద డాక్టరు గుండు కుడి పక్కనే వుందని పట్టుబట్టి, ఆ వైపే వెతకనిచ్చాడు. సెప్టెంబరు 19న ప్రెసిడెంటు కన్నుమూశాడు. చనిపోయాక చూస్తే గుండు ఎడమ వైపున వుంది.

"యంత్రం తప్పు కొంతే, అన్నయ్యా. ముందే తేల్చేసుకుని వెతికించడం అసలు తప్పు" అన్నాడు.

నాకెందుకో ఆ మాట గుచ్చుకుంది. మాట మార్చడానికి, "డిస్క్రిమినేషన్‌కు తెలుగులో ఏమనాలంటావు? వివేచన అంటే బాగుంటుందేమో" అన్నాను.

"వివక్ష అనరూ?" అన్నాడు వాడు, పులిహోరలో మిరపకాయ పక్కకు తీసిపెడుతూ.

తెలుగు మేష్టరుకు తడబాటు. ఆ యింగ్లీషు మాటకు రెండర్థాలూ వున్న మాట వాస్తవమే. నా అలవాటు కొద్దీ, సంస్కృతంలో వివక్ష అంటే నిజానికి 'చెప్పాలనే కోరిక' అనీ, తెలుగులో యీ అర్థం తరువాత వచ్చిందనీ వ్యాఖ్యానం మొదలుపెట్టాను.

వాడు ఓపికగా విన్నాడు. విని, "అయితే సరిగ్గానే వుంది. అది ఏదో చెప్పాలనుకుంటుంది. మనం నోరు నొక్కుతాం" అన్నాడు. కాసేపాగి, నా వంక చూడకుండా, "నేనూ ఆ రింగుల అంకె దగ్గరే పడ్డాను గదా, అన్నయ్యా. నాన్న తవ్వి చూశాడు" అన్నాడు.

విన్నాడన్నమాట. పాతికేళ్ళ క్రితం, వసారా అవతల గదిలో పడుకుని, మేలుకునే వున్నాడన్నమాట.

నేనేమీ అనలేకపోయాను. ఎన్నో సభల్లో మాట్లాడినవాణ్ణి. చెట్టు మీద ఉడుత ఒకటి అటూ యిటూ పరుగెడుతుంటే దానివంక చూస్తూ కూర్చున్నాను. వాడే లేచి, డబ్బా మూత పెట్టి, "పద, యింకో గంట చూద్దాం. ఎండెక్కితే మీ మరదలు ఫోన్లు మొదలుపెడుతుంది" అన్నాడు.

నేను యంత్రం తీసుకుని, నొక్కిన నోళ్ళన్నీ విప్పేశాను. పార్కు మళ్ళీ గోల పెట్టింది. మోగిన ప్రతిదాన్నీ తవ్వాను. మోకాళ్ళు పట్టేశాయి, గోళ్ళలోకి మట్టి పోయింది. రింగు, రింగు, రేకు కాగితం, రింగు. ప్రతిదాన్నీ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. పదిహేడో గుంటలో అంచులు గుండ్రంగా, ఎర్రగా తుప్పు రంగు తిరిగిన బిళ్ళ తగిలింది. బొటనవేలితో తుడిస్తే ఒక వైపు అడవిదున్న, రెండో వైపు అమెరికా ఆదివాసి ముఖం.

తమ్ముడు పరుగున వచ్చాడు. "బఫెలో నికెల్! 1913 నుంచి 1938 దాకా కొట్టిన నాణెం, అన్నయ్యా! నాకు యీ పార్కులో ఒక్కటీ దొరకలేదు!" అని చిన్నపిల్లవాడిలా గంతులు వేశాడు. దాని మీద సంవత్సరం అరిగిపోయింది. అలాంటివాటికి పెద్ద ధర పలకదట. అయినా వాడు దాన్ని నా జేబురుమాల్లో కట్టి నా చొక్కా జేబులో పెట్టాడు. ఆనాటి చెత్త, 58 రింగులు, పార్కు గేటు దగ్గర డబ్బాలో వేసి యింటికి వచ్చాం. మరదలు నా మోకాళ్ళ మట్టి చూసి, "మీరు కూడానా, బావగారూ!" అని నుదురు కొట్టుకుంది.

నెల గడిచింది. తిరుగు ప్రయాణం నాడు విమానాశ్రయంలో సామాను దించుతుంటే ధైర్యం చేసి, "ఒరేయ్, ఆనాడు నాన్నతో నేనన్నది తప్పురా" అన్నాను.

"ఏనాడు?" అన్నాడు వాడు, పెట్టె చక్రం వంక తదేకంగా చూస్తూ. ఆ తరువాత నా భుజం మీద చెయ్యి వేసి, "పాత యంత్రం పట్టుకెళ్ళరాదూ? మన చేలో వెతుక్కుందువు గాని" అన్నాడు.

వద్దన్నాను. మన దేశంలో 1878 నాటి నిక్షేప చట్టం వుంది. నేలలో దాగిన వస్తువు పది రూపాయల విలువకు మించినది దొరికితే కలెక్టరుకు రాసి తెలియజెయ్యాలి. యంత్రంతో చేలో తిరిగితే కలెక్టరు కంటే ముందు ఊరంతా పారలు పట్టుకుని వస్తుంది. బదులుగా అల్యూమినియం రింగు ఒకటి యిమ్మని అడిగి తెచ్చుకున్నాను. నాణెమూ, రింగూ ఒకే పొట్లంలో నా బల్ల సొరుగులో వున్నాయి.

కాలేజీ తెరిచాక సెకండియర్ క్లాసుకు వెళ్ళాను. చివరి బెంచీలో కిటికీ పక్కన ఒక కుర్రవాడు కూర్చుంటాడు. కిందటి సంవత్సరమంతా నేను అతన్ని ఒక్క ప్రశ్నా అడగలేదు. వేళకు హాజరు వేసి వదిలేశాను. ఆ రోజు పేరు పెట్టి పిలిచి లేపాను. అతను బెదిరిపోయి, పక్కవాళ్ళ వంక చూసి, తల వంచుకున్నాడు. నేను తొందరపడలేదు. మరోవైపు నుంచి మళ్ళీ అడిగాను. చాలాసేపటికి, గుసగుసగా, సగం తప్పూ సగం ఒప్పూ అయిన జవాబొకటి చెప్పాడు.

అది రింగో, నాణెమో నాకింకా తెలియదు. రేపు మళ్ళీ అడుగుతాను.